ఎర్ర పువ్వు, తెల్ల పువ్వు, ఆరో తరగతి

అత్తిమంజేరిపేట

వరదన్ బావగారికి అరుణాచలం నమస్కారాలు.

ఇక్కడ మేం క్షేమం. మీరూ క్షేమమనే ప్రస్తుతానికి నమ్ముతున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటారా? ఫోన్ చేస్తే మీ అమ్మాయి స్పీకర్ వేస్తుంది. వాట్సాప్‌లో పెడితే మా వాడు ముందే చదివేస్తాడు. తెలుగులో రాస్తే మన తరానికి తప్ప ఎవరికీ అర్థం కాదు. పిల్లలందరిదీ తమిళ చదువే కదా.

మన మనవరాలు మనస్విని ఆరో తరగతికి ఎక్కడ చేర్చాలో మనల్నే తేల్చుకోమన్నారు మా కార్తికేయన్, మీ కలైవాణి. తిరుత్తణి బడి అయితే పిల్ల మా ఇంట్లో ఉంటుంది, వ్యాన్ గుమ్మం ముందుకే వస్తుంది. మీరు చూసిన తిరువళ్ళూరు కొత్త బడి అయితే ఇప్పటిలాగే అమ్మానాన్నలతో మీ దగ్గరే ఉండిపోతుంది. మొన్న ఎవరికీ చెప్పకుండా ఆ కొత్త బడికి వెళ్లాను. ర్యాంకులు లేవట, హోంవర్కు లేదట. మరేం నేర్పిస్తారమ్మా అని అడిగితే, "పిల్లోళ్లు సొంతంగా ఆలోచించేది నేర్పిస్తామయ్యా" అన్నింది టీచరమ్మ. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఇట్లు,
మీ మేలు కోరే అరుణాచలం

తా.క.: సొంతంగా ఆలోచించడానికి ఫీజెందుకు? మా తిరుమలమ్మ పెళ్లైన నాటి నుంచి ఉచితంగానే ఆలోచిస్తోంది. ఫలితం నేను అనుభవిస్తున్నాను.

* * *

మణవాళనగర్

అరుణాచలం బావగారికి వరదన్ నమస్కారాలు.

మీరు చెప్పకుండా వెళ్లారు కాబట్టి నేనూ చెప్పకుండా మీ తిరుత్తణి బడికి వెళ్లాను. గోడ మీద పిల్లలు రాసిన 'మా అమ్మ' వ్యాసాలు అంటించారు. క్లాసులో అందరి అమ్మలూ నీలం చీరే కట్టుకున్నారు, అందరూ ఇడ్లీలే చేశారు. ఒక పాపను పిలిచి, మీ అమ్మ నిజంగా నీలం చీర కడుతుందా అని అడిగాను. "మాయమ్మ చుడీదార్ వేసుకుంటాది తాతా. అట్ల రాస్తే మార్కు పోతాది" అన్నింది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు ఆ బడి మీద ప్రేమా, పిల్ల మీ ఇంట్లో ఉండాలనా?

ఇట్లు,
వరదన్

తా.క.: నాకైతే బడి మీదే ప్రేమ. పిల్ల మా ఇంట్లో ఉండటం దానంతట అది జరుగుతోంది.

* * *

అత్తిమంజేరిపేట

బావగారికి,

అవును, పిల్ల మా ఇంట్లో ఉండాలనే. మగ్గం అమ్మేశాక ఇంట్లో చప్పుడే లేదు. సెలవులకు మనస్వి వచ్చి, మాకు తనివి తీరకుండానే వెళ్లిపోతోంది. నాకు బెంగగా ఉంది. చెప్పేశాను.

మనం తేల్చలేం. తిరుత్తణి కొండ మీద స్వామినే పువ్వు అడుగుదాం. ఒక పొట్లంలో ఎర్ర పువ్వు, ఇంకో పొట్లంలో తెల్ల పువ్వు కట్టి సన్నిధిలో పెడదాం. పిల్ల ఎర్రది తీస్తే తిరుత్తణి, తెల్లది తీస్తే తిరువళ్ళూరు. పొట్లాలు అక్కడి అర్చకుడు కడతాడు.

ఇట్లు,
అరుణాచలం

తా.క.: తెల్ల పువ్వంటే మల్లె తేవద్దు. వాసన పట్టమని మీరు పిల్లకు నేర్పిస్తారు.

* * *

మణవాళనగర్

బావగారికి,

ఆ అర్చకుడు మిమ్మల్ని అడక్కుండానే మీ గోత్రం చెప్తాడట. ఆయన వద్దు. మీరు కడితే నేను నమ్మను, నేను కడితే మీరు నమ్మరు. అందుకని మీ ఎర్ర పువ్వు నేను కడతాను, నా తెల్ల పువ్వు మీరు కట్టండి. ఇక మోసానికి తావుండదు.

ఇట్లు,
ఇప్పటికి మీ వరదన్

తా.క.: నేతవాళ్ల ముడి వేయకండి. పిల్ల మీ ముడి గుర్తుపడుతుంది.

* * *

అత్తిమంజేరిపేట

బావగారికి,

స్వామి దయ. ఎర్ర పువ్వు వచ్చింది. అయితే దాన్ని చూడగానే మీ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఎర్రది రావడంలో అంత వింతేముంది? రెండో పొట్లం కూడా విప్పుతానని పిల్ల అంటే ఇద్దరం ఒకేసారి లాక్కోబోయాం, అది మెట్ల మీదికి జారిపోయింది. నాకైతే కారణం ఉంది. మీరెందుకు లాక్కోబోయారు?

ఇట్లు,
అరుణాచలం

తా.క.: నా కారణం అడక్కండి.

* * *

మణవాళనగర్

అయ్యా,

ఎర్ర పువ్వు రావడానికి వీల్లేదు. ఏ పొట్లంలో నుంచీ రావడానికి వీల్లేదు. నాకెలా తెలుసని అడక్కండి. మీరు న్యాయంగానే కట్టానని స్వామి ముందు ప్రమాణం చేస్తేగానీ పిల్లను పంపను.

వరదన్

తా.క.: నన్ను ప్రమాణం చేయమనకండి. మోకాళ్ల నొప్పి, మళ్లీ కొండ ఎక్కలేను.

* * *

మణవాళనగర్

పేట తాతకు, నగర్ తాతకు మనస్వి నమస్కారాలు.

ఇద్దరికీ ఒకే ఉత్తరం రాసి జిరాక్స్ తీశాను. తిరుపతి బస్సుల మీద ఊళ్ల పేర్లు రెండు భాషల్లో ఉంటాయి కదా, వాటిని చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. నగర్ తాత తన ఉత్తరాలు పోస్టులో వేయమని నా చేతికే ఇచ్చేవాడు. ఇందులో తప్పులు ఇక్కడ మా ఇంట్లో ఉన్న వనజాక్షి అవ్వ దిద్దింది. మీవన్నీ అవ్వ కూడా చదివింది.

మెట్ల మీద పడిన పొట్లం నేను విప్పాను. అందులో తెల్ల పువ్వు ఉంది. ఎర్రది కట్టాల్సిన నగర్ తాత ఇంట్లో తెల్లది కడుతుంటే చూశాను, కాబట్టి అది ఆయనదే. నేను తీసిన ఎర్రది పేట తాతది. ఆయన తెల్లది కట్టాలి కదా? ఇద్దరూ మోసం చేశారు కాబట్టి ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది ఉండి అంతా న్యాయంగా జరిగింది.

నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అమ్మతో వెళ్లి బళ్లన్నీ చూశాను. వాన వచ్చే ముందు చీమలకు ఎలా తెలుస్తుందని అడిగాను. తిరుత్తణిలో "కూర్చో" అన్నారు. తిరువళ్ళూరులో "నువ్వే ఆలోచించు" అన్నారు. ఏం అడిగినా అదే అన్నారు. మా వెనక వీధి సర్కారు బళ్లో టీచర్ "నాకు తెలీదే, చూసుకోనొచ్చి రేపు చెప్తా" అన్నింది. మరుసటి రోజు నిజంగానే చెప్పింది. అందుకని అక్కడ చేరిపోయాను.

నగర్ తాత గెలిచానని ఎగరకూడదు. పేట తాతా, నీకు బెంగగా ఉందని చదివి నేను ఏడ్చాను. మా ఎదురింటి మేడ మీద గది ఖాళీ అయింది. నాన్న మాట్లాడేశాడు. నువ్వూ తిరుమలమ్మ అవ్వా వచ్చేయండి.

ఇట్లు,
మనస్వి

తా.క.: వస్తావా, రావా అని పువ్వు వేసి చూడొద్దు తాతా. నేను అడుగుతున్నాను కదా.