తెల్లరంగు లేని ముగ్గు

యాదమ్మా,

ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా ఇంత సంతోషం నీకు చెప్పకుండా ఎలా ఉండను! ఈ వయసులో నేను నీళ్ల రంగులతో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నానే!

ఈ రోజు తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క బస్సూ తిరగడం లేదు. ఎల్బీనగర్ వైపు నుంచి ఊరేగింపు డప్పులు వినిపిస్తున్నాయి. నువ్వుంటే ఈపాటికి గేటు దగ్గరే నిలబడేదానివి.

మన సుజాత కూడా ఆఫీసుకు పోలేదు. నువ్వు గడప ముందు వేసే మెలికల ముగ్గును కాగితం మీద వేద్దామని కూర్చున్నాను. నువ్వు పోయాక అది ఎవరి చేతికీ రాలేదు. నా చేతికైనా వస్తుందా అని ఒకటే ఆత్రం.

జీవితమంతా దుకాణాల బోర్డులు రాసినవాణ్ణి కదా, ముందు కాగితమంతా నల్లగా పూసి, దాని మీద తెల్లరంగుతో ముగ్గు తీశాను. చూస్తుండగానే అంతా కలిసి బూడిదరంగైపోయింది!

సుజాత పడీపడీ నవ్వింది. "నాయినా, గిది దుకాణం బోర్డు కాదు. తెల్లరంగు పెట్టొద్దు. ముగ్గున్న కాడ కాయితాన్నే ఇడిచిపెట్టాలె."

"రంగే పెట్టకుంటే ముగ్గెట్ల కనవడుతది బిడ్డా?"

"జర చేసి సూడు."

ఎంత వింతో! కొత్త కాగితం తీసి, ముగ్గు ఉండాల్సిన చోటును ముట్టకుండా, చుట్టూ తడి నేల రంగు వేసుకుంటూ పోయాను. మెలిక వెంట మెలిక, నీ ముగ్గు దానంతటదే తేలింది! మూలన నువ్వు అదనంగా తిప్పే మెలికతో సహా!

ఆరడానికి కాగితాన్ని గడప ముందు పెట్టాను. పక్కింటికి బయలుదేరిన సుజాత దాన్ని చూసి ఆగి, చున్నీ ఎత్తిపట్టుకుని, తొక్కకుండా పక్కనుంచి పోయింది.