ఎగ్జామినేషన్‌కు అయిదడుగులు

సరోజా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ కబురు మాత్రం రేపటిదాకా ఆగేట్టు లేదు.

ఈ ఉదయం మన సునీత తిరుమలగిరిలో ఒక బడికి వెళ్ళి, టీచరు ఉద్యోగం కోసం డెమో పాఠం చెప్పింది. పిల్ల భయపడుతుంటే తోడు వెళ్ళి వరండాలో కూర్చున్నాను. పాఠంలో 'ఎగ్జామినేషన్' అనే మాట వచ్చింది. పిల్లలంతా దాన్ని ఎక్కడా నొక్కి పలక్కుండా మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువుతో చదివారు. నువ్వయితే నీ బళ్ళోలా మాటను ముక్కలు చేసి చప్పట్లు కొట్టించేదానివి. ఆ బడి పక్కనే మిలిటరీ మైదానం, పిల్లలు రోజూ పరేడు చూస్తారు. సునీత వాళ్ళను వరుసగా నిలబెట్టి ముక్కకో అడుగు వేయించింది. ఎగ్, జా, మి మెల్లగా, 'నే' దగ్గర నేల అదిరేట్టు, 'షన్' మళ్ళీ మెల్లగా.

ఆ చప్పుడుకు హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలోకి వచ్చారు.

"ఏందమ్మా ఇది, పాఠమా, పరేడా?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. ముందు వరుసలోని ఒక పిల్ల, "మేడం, మీరు సుత రండి. 'నే' కాడ గట్టిగ తొక్కాలె" అంది. ఆవిడ కుచ్చిళ్ళు పైకి పట్టుకుని తొక్కారు. తర్వాత సునీతతో, "సోమవారం నుంచి రా. జెర గట్టి చెప్పులు ఏసుకో" అన్నారు.

సాయంత్రం ఇంట్లో నాచేతా తొక్కించింది. నీ చప్పట్ల పాఠానికి నువ్వెంత పిలిచినా పేపరు దించనివాణ్ణి, ఈసారి లేచాను. కాసేపటికి అడుగు సరిగ్గానే పడింది. కింది వాటా ఆవిడ పరుగున పైకొచ్చి, "ఏమైందన్నా?" అని అడిగింది.

మా అమ్మాయి టీచరయిందని చెప్పాను.