రాహేలమ్మ తెరిచిన పాటల పుస్తకం

మార్తా,

నువ్వు వెళ్లిపోయి ఈ ఆదివారానికి ఏడాది. వాట్‌గంజ్‌లోని ఓడరేవు పక్కనున్న మన తెలుగు చర్చిలో ఇవాళ జరిగిన సంగతి నీకే చెప్పాలి.

నేను ప్రసంగం సాగదీసినప్పుడల్లా నువ్వు వెనక బల్ల మీద కూర్చుని పాటల పుస్తకం తెరిచేదానివి. అది చూసి గబగబా ఆమెన్‌కి వచ్చేసేవాణ్ణి. నువ్వు పోయాక ఎవరూ తెరవలేదు. అందరూ "బాగుందయ్యగారూ" అనే ఇళ్లకు వెళ్లారు. నాకే అనుమానం వచ్చి, ఇవాళ ప్రసంగానికి ముందే చెప్పాను: "విసుగొస్తే పాటల పుస్తకం తెరవండి. నేను కోప్పడను." అందరూ నవ్వారు.

పది నిమిషాలు కాలేదు, ముందు వరసలో రాహేలమ్మ పుస్తకం తెరిచింది. అప్పుడు నేను నీ ఆఖరి రోజుల గురించి చెబుతున్నాను. ఒళ్లు మండిపోయింది. ఎలాగో ముగించి, గుమ్మం దగ్గర ఆమెను ఆపి కారణం అడిగాను.

"ఏటి సెప్పమంటారయ్యగారూ? ఏడాదై అమ్మగారి సావే ఇంటన్నాం. మా పెద్దోడికి ఓడల డాకులో పని పోయి మూడు నెల్లయింది. యూనియనోళ్లైనా ఇంటికొచ్చి అడిగినారు. మీరు రానేదు."

సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల పెద్దవాడు చెప్పిందంతా విన్నాను, మధ్యలో ఒక్క బైబిలు వాక్యమైనా ఎత్తలేదు. ఇకమీదట నాలుగిళ్లు తిరిగి వినందే ప్రసంగం రాయను.

వచ్చే ఆదివారం నీ పేరు ఎత్తను, మార్తా. ఏడాదిగా నువ్వే ఆ వెనక బల్ల మీద ఉండుంటే, రెండోసారి ఎత్తగానే పుస్తకం తెరిచేదానివి.