నీళ్ళలో తేలిన రాయి

ఏమయ్యా,

ఈరోజు నీ తద్దినం. ఈ అరబ్బు దేశంలో, గలాలీలో నేను పనిచేసే ఇంట్లో మేడమ్ వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేశాను తప్ప నీకోసం గుప్పెడు బియ్యం కూడా వండలేదు. తిట్టడానికి రాస్తున్నాను.

మీనా సల్మాన్ రేవులో ఓడలు బాగుచేస్తూ, అవి తిరిగొచ్చిన దీవుల గురించి గొప్పలు చెప్పేవాడివి. నీ పెళ్ళాన్నే కదా, నన్నూ ఒకసారి తీసుకెళ్ళమంటే గుదైబియాలో మనముండే గదిలో నీ స్నేహితుల ముందే నవ్వావు. "రాయి నీళ్ళలో తేలినప్పుడు చూద్దువుగానిలే" అన్నావు.

చూశాను. పోయిన నెల పిల్లల్ని ఎత్తుకోవడానికి మేడమ్ వాళ్ళు నన్నూ తీసుకెళ్ళారు. అగ్నిపర్వతం చుట్టూ నల్ల ఇసుక ఉన్న చిన్న దీవి అది. హోటలు లేదు, తారురోడ్డు లేదు. అక్కడి ఆడవాళ్ళు వేడి మట్టిలో దుంపలు పాతిపెట్టి, పొయ్యి లేకుండానే ఉడికిస్తారు. నాకూ ఆకులో పెట్టారు. నువ్వొచ్చుంటే నన్ను తిననివ్వకుండా ఆ మట్టి గురించి పాఠం చెప్పేవాడివి.

ఒక ముసలమ్మ నా పగిలిన మడమలు చూసింది. ఒడ్డున నీళ్ళ మీద తేలుతున్న చిల్లుల రాయి ఒకటి తీసి, రుద్దుకోమని సైగ చేసింది. నేను అలాగే నిలబడిపోయాను. "యల్లా, త్వరగా రా, పడవ వెళ్ళిపోతుంది" అని మేడమ్ పిలిచేదాకా కదల్లేదు.

ఇందాక దాన్ని బకెట్లో వేసి, అడుగుదాకా నొక్కి పట్టుకున్నాను. వదలగానే పైకొచ్చింది.

ఒప్పుకోవాల్సిన రోజున కనపడకుండా పోవడం నీకు మొదట్నుంచీ అలవాటే.