ఒక్క వాయిదా తప్పని లోను

బావా,

నువ్వెల్లిపోయి రేపటికి ఏడాది. మనిద్దరి పేరునా ఉన్న ఇంటి లోను సంగతి అడుగుదామని, ఇయ్యాల జీడిపప్పు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి టెక్కలి ఎల్లినాను. బ్యాంకులో పనిసేసి రిటైరయిన పెద్దాయన ఒకరు అక్కడ కాయితాలు సూసి సలహా సెప్తారు. ఈ ఏడాదీ అప్పుసేసి కట్టినాను, ఇంక నా జీతంతో వాయిదా కట్టలేను, ఇల్లు అమ్మేయమంటారా అని అడిగినాను.

ఆయన లోను కాయితాలన్నీ తిరగేసినారు.

"అమ్మక్కర్లేదమ్మా. తక్కువ వడ్డీకి ఇంకో బ్యాంకుకి మార్చుకోండి. గడువు పెంచితే వాయిదా బాగా తగ్గుతుంది. మీ ఆయన గానీ, తర్వాత మీరు గానీ ఒక్క నెల కూడా తప్పలేదు. అందుకే వాళ్లు ఒప్పుకుంటారు."

"పోయేముందు ఆకరి ఆర్నెల్లూ మా బావ కట్టినాడా?" అన్నాను.

"ప్రతి నెలా కట్టాడమ్మా."

ఆ ఆర్నెల్లూ నువ్వు పనిలోకి ఎల్లనేదు. బ్యాంకోళ్లు టైమిచ్చినారని సెప్పినావు. డయాలసిస్‌కి పలాస ఎల్లినప్పుడల్లా, రక్తం పట్టే ఇంజక్షన్లకని నీ సేతిలో డబ్బు పెట్టేదాన్ని. "ఏయించుకున్నావా బావా?" అంటే, "ఏయించుకున్నాన్లే, నువ్వు తిన్నావా?" అనేవోడివి. రోజురోజుకీ ఎందుకు పాలిపోతన్నావో నాకు అర్థమయ్యేది కాదు.

ఆయన ముందు ఏడవనేదు. లోను మార్చమని ఆయన రాసిచ్చిన అర్జీ మీద సంతకం పెట్టి బస్సెక్కినాను. ఇల్లు మనకే ఉంటాది.

నీ మీద సానా కోపంగా ఉంది బావా. నన్నొక్క మాట అడిగుంటే, ఆ రోజే ఈ ఇల్లు అమ్మేసి నీతో అద్దెగదిలో ఉండేదాన్ని.