బ్రేకు తొక్కిందెవరు?

మాస్టారికి నమస్కారాలు.

డ్రైవింగ్ నేర్పే మనిషికి ఉత్తరమేమిటని నవ్వకండి. ఎదురుగా అడిగితే నేను నొచ్చుకుంటానని మీరు అబద్ధం చెప్తారు.

నిన్న సందు మలుపులో స్కూటరు అడ్డం వచ్చింది కదా, అప్పుడు బ్రేకు తొక్కింది నేనా, మీరా? నేర్పే బండి కాబట్టి మీ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంది. నాకైతే కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆడని కాలు బ్రేకెలా తొక్కుతుంది? బండి ఆగాక మీరు కిటికీలోంచి బయటికి చూస్తూ "శభాషమ్మా" అన్నారు. అప్పట్నుంచీ ఆ శభాష్ నా చెవిలో జోరీగలా తిరుగుతోంది.

మా ఆయనకి చూపు మందగించింది. కారు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. "కళ్ళు మూసుకుని నడుపుతాను" అంటూ ఈయన రోజూ తాళాలు పట్టుకుని బయల్దేరుతున్నారు. పక్క సీట్లో నేను దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకుంటున్నాను. ఆ తాళాలు లాక్కోవాలంటే ముందు నా కాలి మీద నాకు నమ్మకం కుదరాలి. నిజం చెప్పండి.

ఇట్లు,
మీ శిష్యుల్లో అందరికంటే పెద్దావిడ

తా.క. జవాబు అక్కర్లేదు. ఉండబట్టలేక తాళాలు లాక్కుని మా కారులోనే మీ ఇంటికొచ్చాను. దారిలో కుక్క అడ్డం వచ్చింది. కారు ఆగింది. పక్క సీట్లో నా చేతిసంచి తప్ప ఎవరూ లేరు.

ఇది మీ ఆవిడ చేతికిచ్చి లోపలికి పంపుతున్నాను. చెప్పులేసుకుని త్వరగా వీధిలోకి రండి. మీ సందు చివర గోడ ఉంది, వెనక్కి నడపడం మీరింకా నేర్పలేదు.