మేకలు లేని బాట

మే 3, శనివారం

ఈ ఉదయం టికెట్ గది కిటికీ చట్రంలో ఒక నత్త కనిపించింది. రాత్రంతా తీరిగ్గా టికెట్ల పుస్తకం అంచు తిన్నట్టుంది. పద్నాలుగు టికెట్లకు మూల లేదు. దాన్ని తీసి గడ్డిలో వదిలాను.

మేడమ్ జుమానా బైరూత్ నుంచి వచ్చారు. ఈ దేవదారు అడవి పార్కు మొత్తం ఆవిడ చేతిలో ఉంటుంది. నాలుగేళ్లుగా గేటు దగ్గర టికెట్లు అమ్ముతున్నాను, నాకు గైడు కార్డు కావాలి అని చెప్పాను. చెప్పడం కాదు, రాసుకెళ్లిన కాగితం చూసి చదివాను. ఆవిడ నవ్వలేదు. పదిహేడున అబూ గస్సాన్ గుంపుతో వెళ్లమన్నారు. ఒక రాత్రి క్యాంపు. వరుసలో చివర నడవాలి. ఆయన రిపోర్టు బాగుంటే కార్డు, లేకపోతే లేదు.

అబూ గస్సాన్ మా గైడ్లందరికీ పెద్ద. అరవై దాటాయి. విషయం విని మీసం దువ్వుకున్నారు. ఏమ్మా పుస్తకాల పిల్లా, దేవదారుకి ఆకులెన్నో చెప్పడానికా వస్తున్నావ్ అన్నారు. గేటు దగ్గర డ్రైవర్లు పగలబడి నవ్వారు.

నేనూ జవాబు చెబుతున్నాను, ఇక్కడ. లెక్కపెట్టాను. గుత్తికి ముప్పై దాకా ఉంటాయి.

మే 6, మంగళవారం

లోరిస్ అత్తకు చెప్పాను. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది ఆవిడే. ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతోంది. చెయ్యి ఆగింది.

పెళ్లికాని పిల్ల కొండ మీద పరాయి మగాళ్ల మధ్య పడుకుంటే ఊరు ఊరుకుంటుందా అంది. నా టెంటు వేరే అన్నాను. దానికి తాళం ఉంటుందా అంది. జిప్పు ఉంటుంది అన్నాను. జిప్పట, జిప్పు! మీ కాన్వెంటు సిస్టర్లు నేర్పింది ఇదేనా అంది.

సిస్టర్లు చాలా నేర్పారు. అడగనిదే మాట్లాడకపోవడం నేర్పారు. దాన్ని మరిచిపోవాలని చూస్తున్నాను.

మే 9

బూట్లు కొన్నాను. మగవాళ్ల సైజు. అత్త మాట్లాడడం లేదు.

మే 14, బుధవారం

పార్కు నియమాల పుస్తకం కంఠతా వచ్చేసింది. వరుసలో చివరి మనిషిని తోక అంటారు. తోక వెనక ఎవరూ ఉండకూడదు. తోక ఆగితే గుంపు ఆగాలి. నాలుగో పేజీ.

పుస్తకంలో లేనిది ఒకటుంది. మా ఊరి మగవాళ్లు కొండ మీద ఏ సన్నటి దారి కనిపించినా మేక బాట అంటారు. మేక నడిచిన చోట మనిషి నడవొచ్చు, మేక చివరికి ఇంటికే పోతుంది అంటారు. తాతల కాలానికి అది నిజం. పార్కు పెట్టాక మేకలను రానివ్వడం లేదు. ముప్పై ఏళ్లయింది. ఇప్పుడా దారులు తొక్కేవి అడవి పందులు. పందికి ఇల్లు లేదు. వాగులోకి పోతుంది, లేదంటే ముళ్ల పొదలోకి.

మే 17, శనివారం, సాయంత్రం 7

క్యాంపు. పంతొమ్మిది మంది, అందరూ బైరూత్ వాళ్లే. ఒక పళ్ల డాక్టరు గాజు హుక్కా వీపున మోసుకొచ్చాడు. నీళ్ల సీసా మరిచిపోయాడు. నన్ను చూపించి, ఈ పిల్ల మీకు కాఫీ పెడుతుంది అన్నారు అబూ గస్సాన్. అంతే నా పరిచయం.

చక్కెర ఇంట్లో వదిలేసి వచ్చాను. మా వైపు చేదు కాఫీ పోసేది చావింట్లోనే. ఇంతకీ పోయిందెవరమ్మా అన్నారాయన. అందరూ ఒకరినొకరు పరామర్శించుకుని నవ్వారు.

టెంటు ఒక్కదాన్నే వేసుకున్నాను. గాలికి కదల్లేదు.

మే 18, ఆదివారం, ఉదయం 9.40

దారి మధ్యలో, రాయి మీద కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్నుంచీ పొగమంచు. శిఖరం దాటాక దారి కోసం రాళ్ల మీద వేసిన రంగు గుర్తులు కనబడలేదు. అబూ గస్సాన్ కుడివైపు దిగే దారి చూపించి, మేక బాట, గంటలో ఊళ్లో ఉంటాం, యల్లా, పదండి అన్నారు. నేను వంగి చూశాను. నాగలి పెట్టి దున్నినట్టు మట్టి తిరగబడి ఉంది. చెట్టు మొదట్లో మోకాలెత్తున బురద రాసిన మరక, దాంట్లో బిరుసు వెంట్రుకలు. మేక పెంటిక ఒక్కటి లేదు.

వరుస ముందుకెళ్లి ఇది పంది బాట అన్నాను. గొంతు సన్నగా వచ్చింది. నువ్వు పుట్టకముందే మా నాన్న మూడొందల మేకల్ని ఇక్కడ తోలాడు, పో, వెనక్కి పో అన్నారు. వెనక్కి వచ్చాను. కూర్చున్నాను. తోక ఆగింది అన్నాను. ఈసారి గట్టిగానే వచ్చింది.

డాక్టరు గడియారం చూపించాడు. హోటల్లో భోజనం చెప్పి ఉంచామమ్మా, లే అన్నాడు. ఆయన భార్య మాత్రం నా పక్కన చతికిలబడి బూట్లు విప్పింది. నువ్వెళ్లు బాబూ, నీతో పాతికేళ్లు దారి తప్పింది చాలు అంది.

నియమాలు టూరిస్టుల కోసం అని చెప్పి అబూ గస్సాన్ పద్నాలుగు మందితో దిగిపోయారు. ఐదుగురు నా దగ్గర ఆగారు. వెళ్లినవాళ్ల పేర్లు, టైము రాసుకున్నాను.

ఆయన మాటే నిజమైతే నా కార్డు పోయినట్టే. నా మాట నిజమైనా పోయినట్టే. అయినా లేవను.

11.15

మంచు విడింది. రంగు గుర్తు ఎడమవైపు, నలభై అడుగుల పైన ఉంది. ఐదుగురూ ఇక పోదామంటున్నారు. నా ముందున్నవాళ్లు నా వెనక ఉండిపోతే నేను తోకను కాను. పోనన్నాను. పది నిమిషాలకోసారి మూడు విజిళ్లు ఊదుతున్నాను.

మధ్యాహ్నం 1.05

పద్నాలుగు మందీ వచ్చారు. చొక్కాలు చిరిగాయి, మోచేతులు దోక్కుపోయాయి. బాట ముళ్ల పొదలోకి దూరిందట, పొద దాటితే నిలువుగా రాతి అంచట. నా విజిల్ చప్పుడు పట్టుకుని పైకి పాకారట. ఒకామెకు చీలమండ బెణికింది. ఇద్దరు చెరో భుజం ఇచ్చారు. హుక్కా పగిలింది.

అందరికంటే వెనక అబూ గస్సాన్. నా వైపు చూడలేదు. నేను ముందు నడిచాను.

మే 19, సోమవారం

పక్కింటి ఉమ్ ఫారిస్ పొద్దున్నే పళ్లెం పట్టుకుని వచ్చింది. మీ అమ్మాయి ఏ టెంటులో పడుకుందట అని అత్తను అడిగింది. నేను లోపల ఉన్నాను. అత్త రెండు వారాల కోపం ఆవిడ మీద దింపింది. మా పిల్ల తన టెంటులో పడుకుని తన కాళ్ల మీద దిగింది, మీ మొనగాళ్లతో వెళ్లినవాళ్లు ఇంకొకరి భుజాల మీద దిగారు, పళ్లెం అక్కడ పెట్టి వెళ్లు అంది.

తర్వాత నాకు రెండు గుడ్లు వేయించింది. ఇప్పటికీ నాతో మాట్లాడలేదు.

మే 21, బుధవారం

మేడమ్ పిలిచి రిపోర్టు చదివి వినిపించారు. 'పిల్ల మాట వినదు. పెద్దవాళ్ల ముందు ఎదురు చెప్పింది. దారికి అడ్డంగా కూర్చుంది. గుంపును రెండుగా చీల్చింది. కాఫీ చేదు. గైడుగా పనికిరాదు.'

బైరూత్ వాళ్లు ఫోన్ చేసి వేరేగా చెప్పారట. అయినా పెద్ద గైడు ఒప్పుకోకుండా కార్డు ఇవ్వలేనన్నారు. వెళ్లి క్షమాపణ అడుగు, పెద్దాయన మెత్తబడతాడు, వేరే రిపోర్టు ఇస్తాడు అన్నారు.

అడగనన్నాను. కాగితం చూడకుండానే చెప్పాను. అక్టోబర్‌లో మళ్లీ అప్లై చేస్తాను, పంది బాట ఎదురైతే మళ్లీ కూర్చుంటాను అన్నాను.

మే 24, శనివారం

అబూ గస్సాన్‌కు చదవడం, రాయడం రాదు. నాలుగేళ్లుగా ఆయన తన రిపోర్టులన్నీ టికెట్ కిటికీ అవతల నిలబడి చెబుతారు, నేను రాస్తాను, కింద ఆయన వేలిముద్ర వేస్తారు. మంగళవారం నా మీది రిపోర్టు కూడా నేనే రాశాను. ఒక్క మాట మార్చలేదు.